బోజెనా నమిలిన గమ్

షికాగో పక్కనున్న సిసెరోలో వెర్నా హ్లావ్కా పొద్దున్నే లేచి చేసే మొదటి పని, గరాజులో ఉన్న పదకొండు పాత స్లాట్ మెషీన్ల పిడుల్ని ఒక్కోదాన్నీ ఒకసారి లాగడం. లాగకపోతే స్ప్రింగులు బిగుసుకుపోతాయి. రెండో పని, వాటిలో తాత చేసిన మెషీన్ పళ్లెంలో పడ్డ నమిలిన గమ్‌ని పాత గుడ్డతో తీసి పారెయ్యడం. పిడి లాగినప్పుడల్లా ఒకటి పడేది, గోరువెచ్చగా, ఉమ్మితో జిగటగా. పాత మెషీన్లన్నాక ఇలాంటివి మామూలేనని సేకరించేవాళ్లెవరూ పట్టించుకోరు. రోత మాత్రం రోతే కదా. అరవై రెండేళ్లొచ్చినా వెర్నా మొహం పక్కకి తిప్పుకునే దాన్ని తీసేది.

తాత ఓటకర్ షికాగోలో పేరుమోసిన తయారీదారు. పోలీసులొస్తే ఇది జూదం కాదు, గమ్ అమ్మే మెషీనని బుకాయించడానికి ప్రతిదాని పక్కనా గమ్ పొట్లాలు పేర్చిన ఘనుడు. సేకర్తల సంఘం వేస్తున్న పుస్తకంలో ఆయన అధ్యాయం వెర్నా రాసింది. అందులో అందరికీ నచ్చింది వంటింటి మెషీన్ ముచ్చట. నాన్నమ్మ బోజెనా ఒమాహాలో ఉన్న అక్క దగ్గరికి పంపమని పోరేదట. తాత వంటింట్లో ఒక మెషీన్ పెట్టి, పిడి లాగితే తిరిగే మూడు చక్రాల మీదా గంట బొమ్మే పడ్డ రోజున నేనే రైలెక్కిస్తానన్నాడట. ఆవిడ పంతొమ్మిదేళ్లు రోజూ లాగింది. ఒమాహా మొహం చూడకుండానే పోయింది. పండగ భోజనాల్లో ఈ కథ చెప్పుకుని ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్లు. వెర్నా కూడా నవ్వింది.

లోపలి భాగాల ఫోటో కావాలని పుస్తకం సంపాదకుడు ఆర్విల్ లుండ్ వచ్చాడు. గమ్ పడే ఆ వంటింటి మెషీన్ వెనక తలుపు తీశారు. మూడో చక్రం గంట బొమ్మ దగ్గర ఆగకుండా, దాని పళ్ల మధ్య గోరంత ఇనప ముక్క బిగించి ఉంది. దానిమీద తాత సొంత ముద్ర.

ఆర్విల్‌కి నవ్వాగలేదు. "మీ తాత భలే చమత్కారి. తియ్యకండేం, అసలు భాగం ముట్టుకోకూడదని మన రూలు."

"చమత్కారమా? కట్టుకున్నదాన్ని పంతొమ్మిదేళ్లు ఆడించాడు, ముదనష్టపోడు. ఛీ, నేను వాడి గొప్ప రాస్తున్నా."

పొద్దుటి గమ్ ఇంకా గుడ్డలోనే ఉంది. విప్పి చూసింది. పంటి గాట్ల వరసలో ముందు పన్ను లేదు. ఫోటోల్లో నాన్నమ్మకీ లేదు. ఇన్నేళ్లూ మూతి ముడిచి ఎవరి ఎంగిలిని చెత్తలో పారేస్తూ వచ్చిందో అప్పుడు తెలిసింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆర్విల్ వద్దంటున్నా స్క్రూడ్రైవర్‌తో ఇనప ముక్క పీకేసింది. పిడి లాగింది. గంట, గంట, గంట. ఈసారి పళ్లెంలో కాగితం చుట్టిన కొత్త గమ్ పడింది. వెర్నా దాన్ని జేబులో వేసుకుంది. ఆ రాత్రే అధ్యాయంలోంచి వంటింటి ముచ్చట కొట్టేసి, ఆ చోట ఇనప ముక్క ఫోటో పెట్టింది.

మంగళవారం శ్మశానం ఆఫీసు నుంచి ఫోను. "మీ తాతగారి పక్కనుండే సమాధి రాయి ఇప్పుడు లేదండీ. నాన్నమ్మగారు ఒమాహా చేరారట, అక్కగారి పక్కనే ఉన్నారని అక్కణ్నించి కబురొచ్చింది. ఇక్కడ ఖాళీ అయిన చోటు మీకు అట్టిపెట్టమంటారా?"

"వాడి పక్కనా? గడ్డి నాటండి," అని వెర్నా ఫోను పెట్టేసింది. జేబులోంచి గమ్ తీసి, కాగితం విప్పి నోట్లో వేసుకుంది. తియ్యగానే ఉంది.