రెండు నుంచి అయిదు దాకా

పదకొండో రోజు కూడా సరిగ్గా రెండు గంటలకు అతను తల దువ్వుకుని బయటికి వెళ్లాడు. మళ్లీ అయిదుకు గానీ రాడు.

అతను ఈత మాస్టారు. చలికాలం మూడు నెలలూ స్విమ్మింగ్ పూల్లో నీళ్లు తీసేస్తారు, పనుండదు. అతని భార్య కోట్లు కుట్టే దర్జీ. ఆ మూడు నెలలే ఆమెకు ఊపిరాడదు.

"అన్నయ్య లేడా వదినా?" కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఆడపడుచు గదంతా కలియజూసింది.

"పూల్ దగ్గర పనుందట."

"నీళ్లు లేని చోట పనేంటమ్మా? చేపలు పడుతున్నాడా?"

"చెయ్యి చాపు."

"అది కాదు వదినా, మొహం చూశావా? ఈమధ్య తెగ వెలిగిపోతున్నాడు. నేనైతే ఓ కన్నేసి ఉంచేదాన్ని."

గుండుసూది ఆడపడుచు మణికట్టుకు గుచ్చుకుంది. పొరపాటున కాదు.

ఆ వెలుగు ఆమె కూడా చూసింది. ఎవతె ఇచ్చిందది? మనసులో ఒక మనిషి తయారైంది: నాజూగ్గా, తీరిగ్గా, వేళ్ల మీద ఒక్క సూదిపోటైనా లేకుండా.

పన్నెండో రోజు మిషన్ ఆపేసి వెంబడించింది. అతను పూల్ వెనక గేటు తోసుకుని లోపలికి వెళ్లాడు. పది నిమిషాలు ఆగింది. ఇద్దరూ ఒకేసారి దొరకాలి.

పంపు గదిలో ఎవరూ లేరు. బట్టలు మార్చుకునే గదుల తలుపులన్నీ తెరిచి చూసింది. ఎవరూ లేరు. ఖాళీ పూల్ అడుగున, గాలి తగలని మూల, ఎండలో కుర్చీ వేసుకుని అతనొక్కడే కూర్చున్నాడు.

"ఏదీ అది?" మెట్లు దిగుతూ అరిచింది.

"ఏది?"

"ఇక్కడ మీరేం చేస్తున్నారు?"

"ఏమీ లేదు. కూర్చుంటాను. ఏడాదంతా పిల్లల మీద ఎందుకరిచానో ఆలోచిస్తాను. నీ మీద కూడా. ఇంట్లో నువ్వు కుడుతుంటే ఎదురుగా ఖాళీగా కూర్చోవాలంటే సిగ్గేస్తుంది."

"ఎన్నాళ్లుగా?"

"నిరుడు కూడా వచ్చాను. నువ్వు తలెత్తి చూడలేదు."

ఆడదైతే జుట్టు పట్టుకునేది. ఈ తీరికను ఏం పట్టుకోవాలి? కడుపు ఇంకా మండింది.

"లేవండి."

"ఇంటికా?"

"మీరొక్కరే. కోట్ల కోసం వచ్చినవాళ్లను రేపు రమ్మనండి."

కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. అతను మెట్లెక్కుతుంటే పిలిచింది.

"ఏమండీ, ముందు దేని గురించి ఆలోచించాలి?"

"నన్నెందుకు అనుమానించావో, అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

"దానికి ఈ చలికాలం చాలదు. వెళ్లండి."