పేలకముందే అదురు

తుపాకులు కాల్చే చోట పెళ్ళిళ్ళ సీజన్‌లో చీరల కొట్టు దగ్గర ఉన్నంత జనం ఉంటారని అమర్‌నాథ్ ఇక్కడికి రావడం మొదలెట్టేదాకా అనుకోలేదు. శనివారం పొద్దున్నే, టెక్సస్‌లో తాముండే ఇర్వింగ్ దాటాక హైవే పక్కన గోడౌన్‌లాంటి షెడ్డు. దాని ముందు పార్కింగే దొరకలేదు. రెండు చుట్లు తిరిగి, చివరికి ఒక పికప్ ట్రక్కు పక్కన కారు ఇరికించి, తలుపు పూర్తిగా తెరుచుకోక పొట్ట లోపలికి లాక్కుని దిగాడు. అప్పటికే బుర్ర వేడెక్కి ఉంది.

వేడెక్కదూ మరి? కూతురు నైనికకి ఇరవై రెండేళ్ళు, బయాలజీ డిగ్రీ చేతికొచ్చింది, హాయిగా మాస్టర్స్‌కి అప్లై చేసుకోవచ్చు. కాదట. అలాస్కా వెళ్తుందట. నరమానవుడు లేని ఏటి ఒడ్డున డేరా వేసుకుని, వేసవంతా ఎదురీదే చేపల్ని లెక్కపెట్టే ఉద్యోగం చేస్తుందట. చేపల్ని! ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్న పాల డబ్బాలు ఎన్నో ఏనాడైనా లెక్కపెట్టిందా ఈ పిల్ల? పైగా ఆ చేపల కోసం ఎలుగుబంట్లు కూడా వస్తాయి కాబట్టి, క్యాంపులో ఉండేవాళ్ళకి మాగ్నమ్ అనే పెద్ద రివాల్వర్ కాల్చడం వచ్చి తీరాలట. ఇన్‌స్ట్రక్టర్ ఎదుట ఐదు తూటాలు కాల్చి, ఐదూ అన్నం పళ్ళెమంత గుండ్రంలో పడేలా చూపించాలి. సోమవారంలోగా పాసయిందన్న కబురు క్యాంపు వాళ్ళకు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నైనిక ఇదివరకే రెండు శనివారాలు వచ్చింది, తండ్రి తోడు వచ్చాడు, రెండుసార్లూ తప్పింది. ఇక మిగిలింది ఇవాళే.

బయలుదేరేటప్పుడు స్రవంతి మొగుణ్ణి పక్కకు పిలిచి చెప్పిన మాట ఒకటే. “నేను చెప్తే నా మీద ఎగురుతుంది. మీరే ఎలాగోలా ఆపండి.” ఎలాగోలా అంటే ఎలాగో మాత్రం చెప్పలేదు. ఆ ఇంట్లో పిల్లి మెడలో గంట కట్టే పని ఎప్పుడూ అతనిదే.

“నాన్నా, టుడే ప్లీజ్, నువ్ డోనాతో ఏం ఆర్గ్యూ చెయ్యకు,” అంది నైనిక లోపలికి నడుస్తూ.

“నేనెప్పుడు ఆర్గ్యూ చేశానే? లాస్ట్ టైమ్ ఆవిడ్ని ఒక క్వశ్చన్ అడిగాను, అంతే.”

“ట్వెంటీ మినిట్స్ అడిగావ్.”

డోనా అనే ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి అరవై దాటి ఉంటాయి. నెరిసిన జడ, మోకాళ్ళ నొప్పుల నడక. ఇద్దరికీ చెవులకు పెట్టుకునే డిప్పలు ఇచ్చింది. అవి మామూలువి కావు. తుపాకీ మోతను ఆపేస్తాయి, పక్కవాళ్ళ మాటల్ని మాత్రం ఇంకాస్త పెద్దవి చేసి వినిపిస్తాయి. నేర్పేవాళ్ళ మాట నేర్చుకునేవాళ్ళకు అందాలి కదా, అందుకు. నైనిక గీత దగ్గర నిలబడింది. ఆమె వెనక డోనా, డోనా పక్కన అమర్‌నాథ్.

“పిడిని ఎంత పైకి పట్టుకోగలవో అంత పైకి పట్టుకో,” అంది డోనా తన సాగదీసే టెక్సస్ ఇంగ్లిషులో. “మోచేతులు కొంచెం వంచు. బరువు ముందుకు వెయ్యి. అది వెనక్కి తంతుంది, పైకి లేస్తుంది. లేవనీ. దానితో కుస్తీ పట్టొద్దు. లేచాక కిందికి తెచ్చుకోవడమే నీ పని.”

పిల్ల రివాల్వర్ ఎత్తింది. దాని బరువుకే మణికట్టు నరాలు తేలాయి. పెళ్ళిళ్ళలో గాజులు వేయించుకోమంటే చేతులు నొప్పి అనే పిల్ల ఇది. ఢామ్మంది. గోడలు కూడా ఉలిక్కిపడ్డట్టయింది. ఎదురుగా వేలాడదీసిన కాగితం మీద గుండ్రానికి జానెడు కింద చిల్లు పడింది. రెండోదీ కిందే. మూడోది ఏకంగా కాగితం అంచున.

“చూశావా? చెయ్యి ఎలా ఎర్రగా అయిపోయిందో! ఇది మనవల్ల అయ్యే పని కాదమ్మా,” అన్నాడు అమర్‌నాథ్.

“మనవల్ల ఏంటి? షూట్ చేసేది నేను కదా!”

డోనా అతనికేసి తిరిగింది. తెలుగు రాకపోయినా తండ్రి గొణుగుడు ఏ భాషలోనైనా ఒకటే కాబోలు. “మీరూ ఒకటి కాల్చండి. ఆమె చేతిలో ఏం జరుగుతోందో అప్పుడు తెలుస్తుంది,” అంది. వద్దంటే పిరికివాడంటారు. సరేనని నిలబడ్డాడు. డోనా ఒక్క తూటానే పెట్టింది. కొత్తవాళ్ళకు మాగ్నమ్‌లో ఒకటే పెడుతుందట, తన్నిన తన్నుకు వేలు బిగుసుకుని ఇంకోటి పైకప్పులోకి పేలుతుందని. ఆ మాట వినగానే అతనికి ఉన్న ధైర్యం కాస్తా జారిపోయింది. చేతులు బార్లా చాచి, మొహం ఓ పక్కకు తిప్పి, ఒక కాలు వెనక్కి పెట్టి, అచ్చం దీపావళికి తాటాకు టపాకాయ ముట్టించే మనిషిలా నిలబడ్డాడు. పారిపోవడానికి అది మంచి భంగిమే గానీ, కాల్చడానికి కాదు. ట్రిగ్గర్ నొక్కాడు. రివాల్వర్ లేచి అతని టోపీ అంచును తాకింది, టోపీ ఎగిరి వెనక పడింది. అరచేయి జివ్వుమంది. కాగితానికి ఏమీ కాలేదు.

నైనిక నవ్వు ఆపుకోలేకపోయింది. డోనా ఆపుకుంది.

“నవ్వు, నవ్వు! ఎలుగుబంటి ఎదురుగా వచ్చినప్పుడు కూడా ఇలాగే నవ్వు,” అని టోపీ దులుపుకుని వెనక్కి వచ్చాడు. అరచేతిని ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉన్నాడు.

డోనా ఈసారి ఒక కిటుకు చేసింది. తూటాల మధ్య ఉత్త డమ్మీలు కలిపి తనే లోడ్ చేసింది. ఏది పేలుతుందో, ఏది పేలదో నైనికకు తెలియదు. మొదటిది పేలింది, గుండ్రానికి కిందే పడింది. రెండోదానికి టిక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అయినా రివాల్వర్ మూతి గభాలున కిందికి వంగింది. తన్నే తన్ను లేకపోయినా, పిల్ల చేయి ముందే అదిరింది.

“అదీ సంగతి. తుపాకీ తన్ను నీకు సమస్యే కాదు. అది తన్నకముందే నువ్వు అదురుతున్నావు. ఎందుకో తెలిస్తే ఈ పని అయిపోయినట్టే,” అంది డోనా.

అప్పుడే జేబులో ఫోను వణికింది. స్రవంతి. అమర్‌నాథ్ బయటి గదిలోకి వచ్చి, లోపలికి కనబడే అద్దాల కిటికీ పక్కన నిలబడి మాట్లాడాడు.

“ఏమైంది? ఆపారా?”

“ఆపడమేంటే, ఇక్కడేమన్నా ట్రెయినా? కిందే పడుతున్నాయి. నువ్వు కంగారు పడకు. అదే ఫెయిలవుతుందిలే.”

“ఫెయిలైతే ఏడుస్తుందండీ. అట్లా కాదు, దానంతట అదే వద్దనుకోవాలి.”

“అదొకటా మళ్ళీ! ఆపాలి, ఏడవకూడదు! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నన్నేం చెయ్యమంటావే?”

అంటూనే అద్దంలోంచి లోపలికి చూశాడు. నైనిక కాల్చింది. రివాల్వర్ పైకి లేచింది, మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ కాల్చింది. మళ్ళీ. కాగితం మధ్యలో చిల్లులన్నీ ఒకే చోట గుమిగూడాయి. డోనా ఆమె భుజం తట్టింది. ఫోన్లో స్రవంతి ఇంకా ఏదో అంటోంది. మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

గబగబా లోపలికి వచ్చి తన చోట నిలబడ్డాడు. నైనిక చేతులెత్తింది. ఢామ్. చిల్లు గుండ్రానికి కిందే పడింది. ఇంకోటి. ఇంకా కిందికి.

“ఇదేం ఖర్మ! ఇప్పటిదాకా బాగా కొట్టావు కదే!” అన్నాడు. విసుగు కూతురి మీదో, తన మీదో, ఆ చిల్లుల మీదో అతనికే తెలియలేదు.

డోనా చెయ్యెత్తింది. అతని వంక అదోలా చూసింది. “మీరు ఆమెతో ఏమంటున్నారు?”

“నేనా? నేనేమన్నాను? నోరే విప్పలేదు.”

“అన్నారు. ప్రతి తూటాకీ ముందు. ఒకే మాట. జా... జాగ్‌రాతా?”

నిజంగానే తను అన్నట్టు అతనికి గుర్తులేదు. తుమ్మేవాడికి తన తుమ్ము ఎప్పుడు వచ్చిందో తెలుస్తుందేమో గానీ, ఈ మాట ఎప్పుడు నోట్లోంచి జారిందో తెలియదు.

“జాగ్రత్త. అంటే చూసుకో అని. ప్రేమతో అనే మాట,” అన్నాడు చివరికి, నేరం చేసినవాడిలా.

నైనిక రివాల్వర్ బల్ల మీద పెట్టింది. డిప్పలు తీసేసింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

“నాన్నా, నేను బర్త్ నుంచి అదే వింటున్నా. స్టెప్స్ దిగితే జాగ్రత్త. మిల్క్ వేడిగా ఉంటే జాగ్రత్త. కార్ కీస్ తీసుకుంటే జాగ్రత్త. నాకు గన్ అంటే భయం లేదు. నువ్ ఎప్పుడు అంటావో అని వెయిట్ చేస్తా, అప్పుడే చెయ్ జంప్ అవుతుంది. గన్ ఒక్కసారే కొడుతుంది నాన్నా. నువ్ ప్రతిసారీ ముందే కొడతావ్.”

ఆ మాట అతన్ని మాగ్నమ్ కంటే గట్టిగా తన్నింది. కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్నందుకా ఇది? ఏదో అనబోయాడు. నాలుక చివర ఉన్నది ఆ ఒక్క మాటే, అది ఇప్పుడు పనికిరాదు.

“ఇంక కొత్త కాగితం తగిలించి టెస్టు పెడతాను,” అంది డోనా. “మీరు బయటికి వెళ్తే మంచిదేమో.”

“వద్దు. ఉండనీ,” అంది నైనిక. మళ్ళీ డిప్పలు పెట్టుకుంది.

అమర్‌నాథ్ ఉన్నచోటే నిలబడ్డాడు. ఇప్పుడతనికి అంతా స్పష్టంగానే ఉంది. స్రవంతి ఎలాగోలా అంది కదా, ఆ ఎలాగోలా ఇదిగో, నాలుక చివరే ఉంది. ఒక్కసారి అంటే చాలు. మెల్లగా, ప్రేమగా. పిల్ల ఇర్వింగ్‌లోనే ఉండిపోతుంది. ఎవరూ తప్పు పట్టలేరు, అలవాటులో వచ్చేసిందంటే నమ్ముతారు కూడా.

మొదటిది పేలింది. గుండ్రంలో పడింది. రెండోదానికి ముందు మాట గొంతు దాకా వచ్చింది. పళ్ళు కరుచుకున్నాడు. అదీ గుండ్రంలోనే. మూడు. నాలుగోది అంచున పడినా లోపలే. పళ్ళు నొప్పి పుట్టాయి, మెడ పట్టేసింది.

ఐదోదానికి నైనిక చేతులెత్తి ఆగిపోయింది. కాల్చలేదు. భుజాలు మెల్లగా చెవుల దాకా లేస్తున్నాయి. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, నొక్కదు. అమర్‌నాథ్‌కి అర్థమైంది. రావలసిన మాట రాలేదు. నాలుగుసార్లు రాలేదు కాబట్టి ఈసారి తప్పకుండా వస్తుందని కాచుకుని ఉంది. మూసుకున్న తన నోరు కూడా ఆమె చేతిని అదరగొట్టేలా ఉంది. మాట్లాడితే ఒక గొడవ, మాట్లాడకపోతే ఇంకో గొడవ. ఏం పిల్లరా దేవుడా ఇది!

అతనికి ఒళ్ళు మండిపోయింది.

“అబ్బబ్బ, ఎంతసేపే! ఇక కానియ్యవే తల్లీ!” అని అరిచాడు.

డోనా ఉలిక్కిపడింది. నైనిక ఉలిక్కిపడలేదు. భుజాలు దిగాయి. ఊపిరి వదిలింది. రివాల్వర్ పేలి, లేచి, దానంతట అదే దిగింది. కాగితం నడిమధ్య కొత్త చిల్లులోంచి తెల్లగా వెలుతురు కనబడింది.

తర్వాత జరిగిందంతా డోనా చేతులు కలపడం, నైనిక ఎగిరి గంతెయ్యడం, ఆ ఎర్రబడిన చేతుల్తోనే వచ్చి తండ్రి మెడ పట్టుకోవడం. ఆమె జుట్టంతా తుపాకిమందు వాసన. అమర్‌నాథ్ ఆమె వీపు తట్టి, సరే సరే, ఇంక పద అన్నాడు. ఆమె డోనాతో మాట్లాడుతుంటే అతను ముందుగా బయటికి వచ్చాడు. ఎండ కళ్ళలో పడింది. ఫోన్లో స్రవంతి మిస్డ్ కాల్స్ బారులు తీరి ఉన్నాయి. చేశాడు.

“ఏమైందండీ?”

“పాసయింది.”

అవతల స్రవంతి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. “ఆపి రమ్మని పంపిస్తే, అక్కడ నిలబడి మీరు చేసిందేమిటి?”

“కానియ్యమన్నాను,” అన్నాడు అమర్‌నాథ్. విసుగ్గానే అందామనుకున్నాడు. అలా రాలేదు, టోపీ అంచు కళ్ళ మీదికి లాక్కున్నాడు.