ముప్ఫై ఎనిమిది మంది సాక్షులు, ఒక్కటే దస్తూరి

ఆ ఆసుపత్రి నాలుగో అంతస్తులో నైతిక సంఘం అని ఒకటుండేది. రోగుల మీద కొత్త మందు వాడి చూసేముందు అది న్యాయమో కాదో తేల్చడం దాని పని. అందులో వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరుండాలని నిబంధన. ఆ మామూలు మనిషి టీచరమ్మ. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. ముసలావిడ కదా, చూపించిన చోట సంతకం గీకి పోతుందిలే అని ఏరికోరి తెచ్చుకున్నారు.

మూడు సమావేశాలకే ఆవిడకి వాళ్ల భాగోతం తెలిసిపోయింది. అధ్యక్షుడు రిటైరైన సర్జన్. "ఎవరికైనా అభ్యంతరమా?" అంటూనే పేజీ తిప్పేసేవాడు. అడగడానికీ తిప్పడానికీ మధ్య తుమ్మేందుకు కూడా వ్యవధి ఉండేది కాదు. మిగతావాళ్లు గంగిరెద్దుల్లా తలలూపేవారు. ఇంతింత చదువులు చదివి వీళ్లు నేర్చుకున్నది తలూపడమేనా అని టీచరమ్మ లోలోపల చీదరించుకునేది.

నాలుగో సమావేశానికి నవ్వుల డాక్టరు వచ్చాడు. ఆ పేరు నర్సులు పెట్టింది. చావు కబురు చెప్పేటప్పుడు కూడా ఆయన మొహాన నవ్వు చెదరదు. షుగరు రోగుల అరికాళ్ల మంటకి ఆయనో కొత్త మందు పరీక్షిస్తున్నాడు. ఇంకో అరవై మందిని చేర్చుకోవడానికి అనుమతి కావాలన్నాడు.

"ఇప్పుడున్న ముప్ఫై ఎనిమిది మందీ ఇష్టపడి చేరినవాళ్లే. ఒక్కరికీ చిన్న ఇబ్బంది కూడా రాలేదు" అన్నాడు చేతులు జోడించి.

ఆ రోగుల అంగీకార పత్రాల కట్ట బల్ల మీద అలంకారానికి పెట్టి ఉంది. టీచరమ్మ దాన్ని ముందుకి లాక్కుంది. గదిలో అందరూ ఆవిడ వంక వింతగా చూశారు.

ముప్ఫై ఎనిమిది పత్రాల మీదా వేలిముద్రలే. ఏ ఒక్కరికీ సంతకం రాదట! వేలిముద్ర వేసిన చోటల్లా పక్కన ఒక సాక్షి సంతకం. పేర్లు ముప్ఫై ఎనిమిది, దస్తూరి ఒక్కటే. పేరు చివర కొక్కెంలా వంచిన ఆ గీత ఒక్క పత్రంలోనూ తప్పలేదు. వేలకి వేలు పరీక్ష పేపర్లు దిద్దిన కళ్లవి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఇంతకన్నా నేర్పుగా కాపీ కొడతారు.

"నాకు వారం గడువు కావాలి" అంది టీచరమ్మ.

అధ్యక్షుడు మొహం చిట్లించుకున్నాడు గానీ, కాదనడానికి నిబంధన లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కింద ఓపీ దగ్గర బెంచీల మధ్య తిరిగింది. ఆ మందు తీసుకోవడానికి వచ్చినవాళ్లలో గడియారాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. నలభై ఆరేళ్లుంటాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన భార్య.

"చేతులకేమైంది నాయనా?"

"వణుకమ్మా. మూణ్ణెల్లయింది. స్క్రూ నిలవదు, ముల్లు నిలవదు. కొట్టు మూసేశాను. డాక్టరు గారేమో వయసు అంటారు."

"ఈ మందు ఇంకా పరీక్షలో ఉందని నీకు చెప్పారా?"

ఆయన నోరు వెళ్లబెట్టాడు. భార్య అందుకుంది. "పరీక్షేంటమ్మా? బలానికి ఇస్తున్నాం, అందరికీ దొరకదు, మీ అదృష్టం అన్నారే!"

"నువ్వు సంతకం పెట్టగలవా?"

"ఎందుకు పెట్టలేనూ! నా బోర్డు మీది అక్షరాలు నేను రాసుకున్నవే. వీళ్లే, టైం లేదు, వేలు ఇలా పెట్టు అని నొక్కించుకున్నారు."

టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది. వారం తిరిగేసరికి ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని నాలుగో అంతస్తుకి ఎక్కింది.

"రోగులు లోపలికి రాకూడదమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"ఆయన పేరున సాక్షి రావచ్చు, ఆయన రాకూడదా? ఆ సాక్షినే పిలిపించండి, చూసి తరిస్తాను. ముప్ఫై ఎనిమిది పేర్లున్న మనిషిని నేనెక్కడా చూళ్లేదు."

అధ్యక్షుడు గబగబా పేజీ తిప్పబోయాడు. నవ్వుల డాక్టరు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "వీళ్లకి ఇవన్నీ చెబితే అర్థమవుతాయా టీచర్ గారూ? భయపడి పారిపోతారు. రేపు లక్షల మందికి ఉపయోగపడే మందు ఇది."

"ఆ లక్షల మందిలో మీ ఇంట్లోవాళ్లెందరు? ఒక్కరికైనా వేశారా?"

గడియారాలాయన లేచి నిలబడ్డాడు. చేతులు దాచుకోలేదు. "సార్, నా దగ్గరికి పాత వాచీ తెచ్చినా, వెనక మూత తీసేముందు అడుగుతాను. లోపల ఇది పాడైపోవచ్చు, తియ్యమంటారా వద్దా అని. మీరు నన్ను ఆ మాత్రం కూడా అడగలేదు."

గదిలో ఎవరూ తలూపలేదు.

సమావేశం మినిట్స్‌లో 'చిన్న పొరపాటు' అని రాయబోయారు. టీచరమ్మ పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన 'దొంగ సాక్ష్యం' అని గుండ్రంగా రాసింది. ఒక నకలు మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ ఆఫీసుకి తనే పోస్టు చేసింది. నెల లోపల తనిఖీ వచ్చింది. ఆరా తీస్తే ఇంకా తొమ్మిది మందికి చేతుల వణుకు బయటపడింది. తొమ్మిది మందికీ 'వయసు వల్ల' అనే రాసి ఉంది. ఆ తొమ్మిది మందిలో ఒకమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్లు. పరీక్ష ఆగిపోయింది.

శిక్షలంటారా? నవ్వుల డాక్టర్ని శిక్షణ విభాగానికి మార్చారు. అక్కడ కొత్త డాక్టర్లకి రోగి నమ్మకం సంపాదించడం ఎలాగో పాఠం చెబుతున్నాడట. టీచరమ్మకి మాత్రం 'మీ విలువైన సేవలకు ధన్యవాదాలు' అని ఉత్తరం వచ్చింది. ఇక రావద్దని దాని అర్థం. ఆవిడ దాంట్లో రెండు అక్షరదోషాలు దిద్ది తిప్పి పంపింది.

మందు మానేశాక గడియారాలాయనకి కుడిచెయ్యి కుదుటపడింది. ఎడమచెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఇప్పుడు పెద్ద గోడ గడియారాలు మాత్రమే తీసుకుంటున్నాడు. సన్న స్క్రూలు భార్య బిగిస్తుంది. ఆయన పక్కనుండి చెబుతుంటే, "అబ్బ, నాకు తెలుసులే, నువ్వు ఊరుకో" అని కసురుతూ.