అక్క వైపు గడియ

ఒకే పునాది మీద రెండు వాటాలు, మధ్యలో ఒక గోడ, ఆ గోడకు వంటింటి పక్కన ఒక తలుపు. ఇల్లు కట్టించినప్పుడు అక్కాతమ్ముడూ కావాలని పెట్టించుకున్న తలుపు అది. అటు గిన్నె ఇటు రావాలన్నా, ఇటు పేపరు అటు వెళ్లాలన్నా వీధిలోకి దిగే పని లేదు. గడియ రెండు వైపులా ఉంది గానీ ఎవరూ ఎప్పుడూ వేసింది లేదు. ఆ సోమవారం తమ్ముడు పేపరు పట్టుకుని తలుపు నెడితే కదల్లేదు. అక్క తన వైపు గడియ పెట్టుకుంది.

కారణం అతనికి తెలుసు. ఆ కారణం అతని మేడ మీదే అద్దెకుంటోంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు ఏం పని చేస్తావని అడిగితే, "మ్యూజిక్ లైన్లో ఉన్నానంకుల్" అన్నాడు కుర్రాడు. పాటలు నేర్పుతాడు కాబోలు అనుకుని తాళంచెవి చేతిలో పెట్టాడు. సామాను దిగిన రోజు మంచం కంటే ముందు డ్రమ్ములు మెట్లెక్కాయి.

అక్క లెక్కల టీచరుగా రిటైరైంది. సాయంత్రాలు ముందుగదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. బావగారు పోయాక ఆమెకు కాలక్షేపం అదే, వీధిలో మర్యాదా అదే. సరిగ్గా పిల్లలు పలకరింపులయ్యి పుస్తకాలు తెరిచే వేళకే మేడ మీద సాధన మొదలయ్యేది.

మొదట నవ్వుతూనే చెప్పింది.

"ఒరేయ్, మా పిల్లలు పదమూడో ఎక్కం నీ మేడ మీది దరువుకి చదువుతున్నార్రా. పదమూడార్లు అనగానే ఆగుతారు. అక్కడ దెబ్బ పడ్డాక గానీ డెబ్బై ఎనిమిది రాదు."

"చూద్దాం అక్కా" అన్నాడు తమ్ముడు.

ఆ మాట అతనికి ఊతపదం కాదు, ఉద్యోగం. బస్సు డిపోలో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చుని రిటైరయ్యాడు. బస్సు ఆపలేదని, చిల్లర ఇవ్వలేదని, కండక్టరు కసిరాడని జనం అరుచుకుంటూ వచ్చేవారు. అతను మధ్యలో అడ్డం రాకుండా పూర్తిగా వినేవాడు. తలూపేవాడు. చూద్దాం అనేవాడు. సగం మంది కోపం అక్కడే చల్లారేది, మిగతా సగం మంది మళ్లీ వచ్చేవారు కాదు. డిపోలో అతన్ని చూద్దాంగారు అనేవారు. దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

కానీ బస్సు ప్రయాణికుడు మళ్లీ రాకపోవచ్చు, గోడ అవతలి అక్క రేపు కూడా ఉంటుంది.

అక్క చెప్పిన ప్రతిసారీ తమ్ముడు మేడెక్కేవాడు. కుర్రాడు కుర్చీ వేసేవాడు, వాడి భార్య టీ ఇచ్చేది. అద్దె ఠంచనుగా ఇచ్చే మనిషి, మోటారు మొరాయిస్తే చెప్పకుండానే బాగుచేసే మనిషి. అలాంటివాడి ఎదుట కూర్చుని టీ తాగుతూ, ఆపమని ఎలా అనడం? కర్ర విరక్కుండా పాము చావాలని చూసేవాడు. పక్కింట్లో మా అక్క ఉంటుందనీ, ఆవిడకూ పాటలంటే ఇష్టమేననీ, పిల్లలకు చదువు చెబుతుందనీ చెప్పి, కప్పు కింద పెట్టి దిగి వచ్చేవాడు. అక్క దగ్గరికి వెళ్లి, కుర్రాడు చాలా నొచ్చుకున్నాడనీ, ఇక ఆ వేళకు వాయించనని మాటిచ్చాడనీ చెప్పేవాడు. మర్నాడు సాయంత్రం దరువు యథాప్రకారం మొదలయ్యేది. అక్క దృష్టిలో కుర్రాడు రోజూ మాట తప్పుతున్నాడు. ఇస్తే కదా తప్పడానికి.

పిల్లలు ఒక్కొక్కరే జారుకోసాగారు. ఆదివారం ఒక తండ్రి వచ్చి, ఇక్కడ చదువు సాగేలా లేదు టీచర్ అని కూతుర్ని మాన్పించి తీసుకుపోయాడు. ఆ సాయంత్రమే అక్క, ఈ వాటా అమ్మేసి కూతురి దగ్గరికి పోతానంది. అతను అలవాటు కొద్దీ చూద్దాం అన్నాడు. తెల్లారేసరికి గడియ పడింది.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర మాటలు వినిపించి బయటికి వెళ్లేసరికి, అక్క కుర్రాణ్ణి నిలేసి ఉంది. అతని భుజాన డ్రమ్ము సంచి.

"మాటివ్వడం దేనికి నాయనా, తప్పడం దేనికి?"

"నేనెప్పుడు మాటిచ్చానండీ? మీకు పాటలంటే ఇష్టమని కదా అంకుల్ చెప్పారు. వింటున్నారు కదా అని ఇంకాస్త ఒళ్లొంచి వాయిస్తున్నాను."

ఇద్దరూ తమ్ముడి వైపు తిరిగారు. అతను గేటు గొళ్లెం వైపు చూశాడు.

"ఒరేయ్" అంది అక్క, గొంతు పెంచకుండా. "నువ్వు రిటైరయ్యావని డిపోవాళ్లు నీతో చెప్పలేదట్రా?"

తర్వాత వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. పిల్లలు వెళ్లాక వాయించుకోమంది ఆమె. సరేనండీ, ముందే అంటే అయిపోయేది కదా అన్నాడు కుర్రాడు. అంతే. ఇన్ని టీలు తాగి తను చేయలేని పని, సంచి దించకుండానే తేలిపోయింది.

తలుపు మాత్రం తెరుచుకోలేదు. తట్టి చూశాడు.

"అక్కా, గొడవ తీరిపోయిందిగా."

"తీర్చింది నువ్వు కాదుగా. రేపు ఆ అబ్బాయి నిజంగానే మాట తప్పితే ఎవరితో చెప్పుకోను? నీతోనా?"

పేపరు పట్టుకుని వెనక్కొచ్చాడు.

ఆ రేపు గురువారం వచ్చింది. కుర్రాడి బ్యాండువాళ్లంతా మేడ మీదికి చేరారు. పిల్లలు గోడ అవతల పుస్తకాలు తెరిచారో లేదో, దరువు మొదలైంది. అక్క వచ్చి కేకలేస్తుందని చూశాడు. రాలేదు. ఒకసారి గొంతు పెంచి పాఠం చెప్పబోయి, ఆపేసింది. ఆ ఆపేయడం గోడ ఇవతలికి వినిపించింది. అతను లేచాడు.

మేడ మీద కుర్చీ వేశారు. కూర్చోలేదు. టీ తెస్తానంది భార్య. వద్దన్నాడు.

"రేపు ప్రోగ్రాం ఉందంకుల్. ఈ ఒక్కరోజుకీ" అన్నాడు కుర్రాడు.

చూద్దాం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగాడు.

"కుదరదు. పిల్లలు వెళ్లేదాకా కర్రలు ముట్టుకోవద్దు. మళ్లీ ముట్టుకుంటే వేరే ఇల్లు చూసుకోండి."

కుర్రాడి మొహం చిన్నబోయింది. రేపటి నుంచి మోటారు సంగతి తనే చూసుకోవాలి కాబోలు అనుకుంటూ, మెట్లు దిగాడు. వంటింటి పక్కన తలుపు దగ్గర నిలబడ్డాడు.

మేడ మీద నిశ్శబ్దం. అవతల పిల్లలు పదమూడో ఎక్కం ఎత్తుకున్నారు. పదమూడార్ల దగ్గర ఆగారు, రాని దెబ్బ కోసం.

"డెబ్బై ఎనిమిది" అంది అక్క. కాసేపటికి, "ఎవర్రా ఆపించింది?"

"మీ తమ్ముడుగారే టీచర్. మెట్లెక్కడం కిటికీలోంచి చూశాను" అందో పిల్ల.

అతను గడియ చప్పుడు కోసం చెవి ఒగ్గాడు.

"రేపు కూడా ఆపిస్తాడేమో చూద్దాం" అంది అక్క. "పదమూడేడ్లు ఎంతర్రా?"