రజిత పోయిన తర్వాత

రజిత చనిపోయాక ఏంజెలిన్ కాన్పుల గదిలోకి వెళ్లడం మానేసింది.

ఉదయగిరి దాటాక ఉన్న ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో ఆమె నర్సు. కాన్పుకు వచ్చిన రజితకు ఆ రోజు ఆడబిడ్డ బాగానే పుట్టింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. చేయాల్సినవన్నీ చేసి, ఏంజెలిన్ 108 అంబులెన్సులో ఆత్మకూరుకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. పైనుంచి డాక్టర్లు వచ్చి అంతా విచారించి, మీ లోపమేమీ లేదన్నారు. ఆ మాట ఏంజెలిన్ చెవికెక్కింది గానీ మనసుకెక్కలేదు.

రజిత పోయిన మర్నాడే మామూలుగా డ్యూటీకి వచ్చింది. ఎవరూ ఆ ఊసెత్తలేదు. నొప్పులతో ఎవరైనా వస్తే చాలు, ఆమె వేళ్లు వణికేవి. ఏదో వంక చెప్పి ఇంజెక్షన్ల గదిలోకి తప్పుకునేది. చివరికి ఒకరోజు హెడ్ నర్సు రేణుకాదేవి దగ్గరికి వెళ్లింది.

"నేను మానేస్తాను మేడం. మా మామకి ఆత్మకూరులో మందుల షాపు ఉండాది. ఆడ కూర్చుంటాను."

రేణుకాదేవి వద్దనలేదు. "మానేద్దువులే. ముందు అన్నం తిన్నావా?" అంది.

ఓపీ రోగులు వెళ్లిపోయాక ఏంజెలిన్‌ను, ఆ రోజు బండి నడిపిన 108 డ్రైవర్ పెంచలప్రసాద్‌ను మందుల గదిలో కూర్చోబెట్టి, తన క్యారియర్ విప్పి ముగ్గురికీ వడ్డించింది. పెంచలప్రసాద్ అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"ఆ ఆత్మకూరు రోడ్డెక్కితే నాకు చెమటలు పడతా ఉండాయి సిస్టర్," అన్నాడు ఉన్నట్టుండి. "ఇంకాస్త జోరుగా పోయుంటే బతికేదేమో. ఇంట్లో చెబితే భయపడతారని చెప్పలా."

ఏంజెలిన్ తలెత్తి చూసింది. అందరితో నవ్వుతూ తిరిగే ఈ మనిషికి ఏమీ పట్టలేదని ఇన్నాళ్లూ అనుకుంది.

"అంతకన్నా జోరుగా పోయుంటే బండి తిరగబడేది ప్రసాద్. నేను వెనక ఉండి చూసినాను గదా."

"నేనూ అద్దంలో చూసినాను. దారి పొడుగునా మీరు రక్తం ఆపాలని ఆమె పొత్తికడుపు మీద నొక్కిన చెయ్యి తీయలా."

రేణుకాదేవి నీళ్ల గ్లాసు ఏంజెలిన్ ముందుకు జరిపింది. "నేను కొత్తగా చేరినప్పుడు నా చేతిలో ఒక పసిబిడ్డ పోయింది. ఏమైందని నన్నెవరూ అడగలా. ఆ బాధంతా ఏళ్ల తరబడి నా పిల్లల మీద అరిచి తీర్చుకున్నాను. మీ గతి అట్టా కాకూడదు."

అప్పటినుంచి వారానికోసారి ఓపీ తర్వాత అందరూ కూర్చోవడం మొదలైంది. ఆసుపత్రి డాక్టరూ వచ్చేవారు. రోగి చనిపోయిన కేసు చూసినవాళ్లకు మర్నాడు ఒంటరి డ్యూటీ వేయకూడదని రేణుకాదేవి ఆయన్ని ఒప్పించింది. ఏంజెలిన్‌ను నెల్లూరులోని మానసిక వైద్యురాలితో ఫోన్లో మాట్లాడించింది. ఏంజెలిన్ సెలవు పెట్టి వరికుంటపాడులో అమ్మ దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చింది. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు.

వచ్చిన కొద్దిరోజులకే, రజిత తల్లి రెబెకమ్మ మనవరాలికి టీకా వేయించడానికి వచ్చింది. దూరం నుంచి ఆమెను చూసి ఏంజెలిన్ ఆగిపోయింది.

"నేను వేస్తాను. నీకు కష్టమైతే లోపలికి పో," అంది రేణుకాదేవి మెల్లగా.

ఏంజెలిన్ అక్కడే నిలబడింది. రెబెకమ్మ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"నీ కోసమే చూస్తా ఉండానమ్మా. ఆఖర్న నా బిడ్డ పక్కన నువ్వే గదా ఉండింది. ఏమన్నా చెప్పిందా?"

"పాప ఏడ్చిందా అని అడిగింది. గట్టిగా ఏడ్చింది, మీ అమ్మ దగ్గర ఉండాది అని చెప్పినాను. నవ్వింది."

రెబెకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏంజెలిన్‌కూ ఏడుపు ఆగలేదు. కాసేపటికి ఆ పెద్దామె కళ్లు తుడుచుకుని, "దీనికి నువ్వే వెయ్యి సూది," అంటూ పాపను చేతికిచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు సీతారామపురం వైపు నుంచి తొలికాన్పు అమ్మాయి వచ్చింది. ఏంజెలిన్ గ్లౌజులు తొడుక్కుని, రేణుకాదేవితో దాచకుండా చెప్పింది.

"చేతులు వణకతా ఉండాయి మేడం."

"వణకనీలే. నేను పక్కనే ఉండాను."

పని మొదలయ్యాక వణుకు సంగతి ఆమెకు గుర్తే లేదు. మగబిడ్డ పుట్టాడు. రక్తస్రావం మామూలుగానే ఉంది. అయినా ఏంజెలిన్ సాయంత్రం దాకా ఆ తల్లి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. డ్యూటీ మారే వేళకు వచ్చిన సిస్టర్‌కు ఏమేం చూసుకోవాలో చెప్పి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.