పసుపు రంగు కింద పగులు

నేను ఒక జాకీని. కారు టైరు మార్చేటప్పుడు డిక్కీలోంచి తీసే బుల్లి జాకీని కాదు. కరెంటు కేబులు చుట్టిన పెద్ద చెక్క డ్రమ్మును నేల మీద నుంచి పైకెత్తి, అది గిరగిరా తిరుగుతూ కేబులును వదులుతుంటే కదలకుండా మోసేదాన్ని. నాకొక జత ఉంది. డ్రమ్ము నడిమి కన్నంలోంచి ఇనప ఇరుసు దూర్చి, ఒక కొసను నా తల మీద, రెండో కొసను నా జత తల మీద పెడతారు. మా మెడల్లోని మరలను తిప్పితే ఇద్దరం కొద్దికొద్దిగా పొడుగవుతాం. డ్రమ్ము నేలను వదులుతుంది. జానెడు ఎత్తు లేస్తే చాలు. చూసేవాళ్లకు అది ఎత్తే కాదు. కింద నిలబడి మోసేదానికి తెలుస్తుంది.

గాజువాక దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను చేశారు. అతికినవాడు ఓపికగలవాడు. కాళ్లను అడుగు పలకకు అతికాక సుత్తితో తట్టి, మోగిన మోతను చెవి ఒగ్గి విని, నవ్వుకుని పక్కన పెట్టాడు. అప్పట్లో నాకు భయమంటే ఏమిటో తెలియదు. ఎంత బరువు పెట్టినా నా ఇనుము ‘ఇంతేనా’ అన్నట్టు ఉండేది.

మొదట నన్ను కొన్న కాంట్రాక్టరు చాలా ఊళ్లు తిప్పాడు. మనుషుల సంగతి అప్పుడే కొంత అర్థమైంది. దసరాకు నాకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టేవారు. మిగతా ఏడాదంతా ఒక చుక్క గ్రీజు కోసం నా మర కీచుమంటుంటే ఎవరికీ వినబడేది కాదు. లారీ మీద నుంచి దించడానికి బద్ధకమై కాలితో తన్నేసేవారు. అలా ఒకరోజు తన్నినప్పుడు రాతి మీద పడ్డాను. అడుగు పలకకూ నా కాలికీ మధ్య అతుకులో ఒక పగులు పుట్టింది. వెంట్రుకంత సన్నం.

కాంట్రాక్టరు మనిషి దాన్ని చూశాడు. బొటనవేలితో రాసి చూశాడు. అటూ ఇటూ చూశాడు. లోపలికి వెళ్లి పసుపు రంగు డబ్బా తెచ్చి, నాకూ నా జతకూ తల నుంచి పాదం దాకా నిండుగా పూశాడు. ఎండలో ఆరబెడితే ఇద్దరం పెళ్లికి ముస్తాబైనట్టు మెరిసిపోయాం. ఆ వారమే మమ్మల్ని అమ్మేశారు. కొన్నవాడు కూడా రంగు చూసి ముచ్చటపడ్డాడు.

ఆ రోజు నుంచి భయం నా కాలిలో కాపురం పెట్టింది. నోరు లేనిదానికి భయం పుడితే అది బయటికి వచ్చే దారి ఉండదు. డ్రమ్ము పైకెక్కిన ప్రతిసారీ ఆ పగులు లోపల్లోపల పాకేది. నా పక్కనే నిలబడి మనుషులు బీడీలు కాల్చుకునేవారు, సినిమా కబుర్లు చెప్పుకునేవారు, నా మీద మోచెయ్యి ఆనించి నవ్వుకునేవారు. పక్కకు జరగండి నాయనా అని వాళ్లకు ఎలా చెప్పను?

మమ్మల్ని కొన్నవాడు దాలినాయుడు మేస్త్రి. విశాఖపట్నంలో కేబులు లాగే గ్యాంగు అతనిది. మనిషి చెడ్డవాడు కాడు. కేకలు వేసేవాడే గాని కూలివాడికి జ్వరమొస్తే తనే ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. ఆ గ్యాంగులో తవుడు, అసిరమ్మ అనే మొగుడూ పెళ్లాలు ఉన్నారు. తవుడు కేబులు ముందు కొస దగ్గర ఉంటాడు. అసిరమ్మది డ్రమ్ము దగ్గర పని. లాగేవాళ్లు ఆగినా డ్రమ్ము ఊపులో తిరిగిపోతుంటుంది గదా, దాని అంచుకు బారెడు చెక్కపలక అదిమి వేగం ఆపాలి. అదే దానికి బ్రేకు.

అసిరమ్మ ఒట్టి భయస్తురాలు. ఆ మాట గ్యాంగంతా అనేది, ఆమె కూడా ఒప్పుకునేది. చిన్నప్పుడు రాజాం దగ్గర ఆమె అన్న ఇలాంటి డ్రమ్ము కింద పడి కాలు పోగొట్టుకున్నాడట. దాంతో పొద్దున్నే పనిలోకి దిగేముందు నా చుట్టూ, నా జత చుట్టూ తిరిగేది. అరచేత్తో తట్టేది. కింద మన్ను మెత్తగా ఉందేమోనని మడమతో తొక్కి చూసేది.

“ఏటే, జాకీలకు జోరం గాని వచ్చిందేటి, అలగ నాడి సూస్తన్నావు?” అని తవుడు ఎగతాళి చేసేవాడు.

“నవ్వు మావా, నవ్వు. నీ పానం దీని మీదుంది” అనేది ఆమె.

ఆమె చెయ్యి పగులు మీదుగా వెళ్లిన ప్రతిసారీ నాకు ఎక్కడ లేని ఆశ పుట్టేది. ఇంకొంచెం కిందికి తల్లీ, ఇంకొంచెం గట్టిగా తట్టు. కాని పసుపు రంగు దళసరిగా ఉండేది. చెయ్యి జారిపోయేది.

ఆ ఏడు తుపాను వచ్చి కొండవాలు పేటలో పాత కేబులు కాలిపోయింది. కొండ కింద ఒక ఆసుపత్రి ఉంది. కరెంటు లేక జనరేటరు మీద నడుస్తోంది. అదీ మొరాయిస్తోందనీ, లోపల పసిపిల్లలున్నారనీ కబురు వచ్చింది. దాలినాయుడు తెల్లవారగానే గ్యాంగును దించాడు. కింది సందులోకి లారీ పట్టదు. పై రోడ్డు మీదే డ్రమ్మును దించి, అక్కడి నుంచి కేబులును వాలులోకి వదలాలి. వాలు చివర నిలువు లోతు గొయ్యి తవ్వారు. అందులోకి దిగి కేబులు కొసను నేలలోని గొట్టంలోకి తోసేవాడు తవుడు.

మమ్మల్ని వాలు మొదట్లో నిలబెట్టారు. వాన వెలిసినా నేల ఇంకా తడిగానే ఉంది. నా ఎదురుగా సందు నిటారుగా దిగిపోతోంది. రెండు వైపులా ఇళ్లు, అరుగుల మీద జనం, అటు చివర మట్టికుప్పల మధ్య నల్లటి నోరులా ఆ గొయ్యి. తవుడు తలపాగా అందులోకి మునిగిపోవడం నాకు కనబడింది. అసిరమ్మకూ కనబడింది. ఆమె పలక పట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు దగ్గరికి జరిగాయి.

మర తిప్పారు. డ్రమ్ము లేచింది. అంత పెద్ద డ్రమ్మును నేను అంతకు ముందెప్పుడూ మోయలేదు. పెద్ద ఏనుగు నా తల మీద కూర్చుని, ఇంకా సర్దుకుంటున్నట్టుంది. నా కాలిలో పగులు రంగు కింద నోరు తెరిచింది.

కింద ఈల మోగింది. లాగడం మొదలైంది. మొదట్లో మనుషులే లాగారు. కొంత దూరం పోయాక వాలులోకి దిగిన కేబులు తన బరువుతో తనే లాక్కుపోవడం మొదలెట్టింది. అసిరమ్మ పలక అదుముతోంది. చెక్క మీద చెక్క రాసుకుని పొగ వాసన వస్తోంది. డ్రమ్ము తిరిగిన ప్రతి తిరుగుడుకూ బరువు ఒకసారి నా మీదికి, ఒకసారి నా జత మీదికి ఒరుగుతోంది. నా మీదికి ఒరిగినప్పుడల్లా నేను వినకూడదనుకున్న చప్పుడు నాలోంచే వస్తోంది. టిక్.

అసిరమ్మ తల తిప్పింది.

“మేస్త్రీ! ఆపించు. ఏదో ఇరిగినట్టు ఇనబడింది.”

దాలినాయుడు చెయ్యి ఎత్తాడు. పైనుంచి కిందికి కేకలు అందుకున్నారు. కేబులు ఆగింది. అతను నా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. నిజంగానే చూశాడు, మొక్కుబడికి కాదు. కాని అతనికి కనిపించింది నున్నటి పసుపు రంగు.

“ఏటీ లేదమ్మా. డ్రమ్ము సెక్కలు తడిసి సప్పుడు సేస్తన్నాయి. నీకెప్పుడూ ఉన్నదే కదా ఈ బయ్యం.”

“ఉన్నదే. గానీ ఇయాల ఏరేగుంది మేస్త్రీ.”

“కింద ఆస్పత్రిలో పిల్లలున్నారమ్మా.”

“గోతిలో నా పెనివిటున్నాడు” అంది అసిరమ్మ.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. గోతి వైపు చూశాడు, ఆసుపత్రి వైపు చూశాడు. “ఇంకొంచెమే ఉంది. అయిపోద్ది” అన్నాడు. ఆ మాట ఆమెతో అన్నాడో తనతో అనుకున్నాడో తెలియదు. ఈల మళ్లీ మోగింది.

ఆ తర్వాత అసిరమ్మ డ్రమ్మును చూడలేదు. నన్నే చూస్తూ నిలబడింది. పలక అదుముతూనే, కళ్లు నా పాదం మీద నుంచి తీయలేదు. ఒక మనిషి నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి. ఆమె పెదవులు కదులుతున్నాయి. దేవుడికి దణ్ణమో, మొగుడికి తిట్లో. నాకు మాత్రం ఒకటే గోల. విరగకూడదు, విరగకూడదు. ఇనుముకు పట్టుదల ఉంటుందో లేదో నాకు తెలియదు. నేను పట్టుకున్నానో, మిగిలిన నాలుగు వేళ్ల మేర అతుకు పట్టుకుందో కూడా తెలియదు.

అప్పుడు రంగు చిట్లింది. పసుపు పెచ్చు ఒకటి ఎగిరి ఆమె పాదం మీద పడింది. దాని వెనకాల ఎర్రటి తుప్పు గీత, నిప్పుతో గీసినట్టు.

“ఇరిగిపోతంది!” అని అసిరమ్మ అరిచిన అరుపుకు అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. “మావా! బయటికి రా! మావా!”

గోతిలో ఉన్నవాడికి ఏం వినబడుతుంది? డ్రమ్ము చుట్టూ ఉన్నవాళ్లు తలో దిక్కు పరుగెత్తారు. వాళ్లను తప్పు పట్టను. నా కాళ్లు కదిలేవైతే నేనూ పరుగెత్తేదాన్ని. నా కాలు మెల్లగా పక్కకు మడత పడుతోంది, ఇరుసు నా తల మీద నుంచి జారుతోంది. ఇరుసు జారితే డ్రమ్ము నేలను తాకుతుంది. అది తిరుగుతూ తాకితే ఇక ఆగదు. సందు నేరుగా గోతిలోకే పోతుంది.

అసిరమ్మ కూడా పరుగెత్తింది. కాని వాలు వైపుకు, డ్రమ్ము ముందుకు పరుగెత్తింది. ఎవరూ నిలబడకూడని చోటికి. చేతిలో పలక ఉంది. ఆమె ఏడుస్తోంది. నోరు తెరిచి, సిగ్గు లేకుండా, పసిపిల్లలా ఏడుస్తూనే మోకాళ్ల మీద పడి, ఆ పలకను డ్రమ్ముకూ నేలకూ మధ్య ఉన్న జానెడు సందులోకి దూర్చి, భుజంతో కుక్కింది. ఒకసారి. రెండోసారి. పలక ఇరుక్కుంది. ఆమె పక్కకు దొర్లింది.

నేను విరిగాను.

డ్రమ్ము నా వైపుకు కూలి పలక మీద పడింది. పలక నిట్టనిలువుగా చీలింది గాని, చీలిన ముక్కలే అంచు కింద ఇంకా బిగుసుకున్నాయి. డ్రమ్ము ఒక్క మూర ముందుకు జరిగి, మూలిగి, ఒరిగి, ఆగింది. దాలినాయుడు పక్కింటి అరుగు రాయిని ఊడబెరికి ఈడ్చుకొచ్చి డ్రమ్ము ముందు పడేశాడు. పారిపోయినవాళ్లు తిరిగొచ్చి ఇంకో రాయి, ఇంకో దుంగ అడ్డం వేశారు. కేబులు సందు పొడుగునా సన్నగా వణుకుతోంది.

కొంతసేపటికి తవుడు సందులోంచి ఎగశ్వాసతో ఎక్కి వచ్చాడు. ఒళ్లంతా బురద.

“ఎందుకాపీసినారేటి? కొస గొట్టంలోకి ఎక్కుతుంటే...”

ఒరిగిన డ్రమ్మును చూశాడు, నన్ను చూశాడు, మట్టిలో కూర్చుని ఉన్న పెళ్లాన్ని చూశాడు. అసిరమ్మ లేవబోయింది. తవుడు వంగి చెయ్యి అందించాడు. ఆమె అతని చొక్కా కాలరు పట్టుకుని లేచి, ఆ పట్టుతోనే చెంప మీద ఒకటి కొట్టి, వెంటనే అదే చెంపను రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. తవుడు ఆ రోజు ఏ ఎగతాళీ చెయ్యలేదు.

వేరే జాకీ తెప్పించి, సాయంత్రానికి కేబులు దించేశారు. ఆసుపత్రి కిటికీల్లో దీపాలు వెలిగాయి. వాటిని చూసిన గ్యాంగులో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అసిరమ్మ కొట్టలేదు. ఆమె గోడవార విరిగి పడి ఉన్న నా దగ్గర కాపలా ఉన్నట్టు కూర్చుంది.

మర్నాడు నన్ను మేస్త్రి వెల్డింగు షాపుకు తీసుకెళ్లాడు. తవుడూ అసిరమ్మా వెంట వచ్చారు. షాపువాడు నన్ను బోర్లించి చూసి, “బాగా అతకొచ్చు. రంగేస్తే కొత్తదానిలా ఉంటది” అన్నాడు.

రంగు మాట వినగానే నాలో ఏముందో అది చల్లబడిపోయింది.

“వొద్దు,” అంది అసిరమ్మ.

“మనం వాడంలేమ్మా,” అన్నాడు దాలినాయుడు. “ఒట్టేసి సెప్తన్నాను. ఎవుడైనా అడిగితే ఇచ్చీడమే.”

“అప్పుడు దీని పక్కన ఎవులు నిలబడతారు మేస్త్రీ?”

“మనకెలా తెలుస్తాది?”

“అదే. తెలీకపోతే నాకు మరీ బయ్యం. నిన్న నా మావ మొకం తెలుసు కాబట్టి కాళ్లు కదిలాయి. మొకం తెలీనోడికి ఏటైపోద్దోనని రేత్రంతా నాను ఏడవలేను. కోయించీ. రెండు ముక్కలు సేయించీ. నాను సూస్తాను.”

షాపువాడు నవ్వబోయాడు. దాలినాయుడు నవ్వలేదు. ముందురోజు తను చూసి కూడా చూడలేకపోయిన చోట, నా విరిగిన కాలి మీద, బొటనవేలు పెట్టి తుప్పు గీతను చివరిదాకా తడిమాడు. “కోసీ” అన్నాడు.

గ్యాస్ కట్టరు వెలిగింది. నీలం మంట నా మెడ మీదికి వచ్చింది. భయపడ్డాను. అబద్ధమెందుకు, చాలా భయపడ్డాను. బతికినంత కాలం మనుషుల కోసం పడిన భయం ఒక ఎత్తు, నా కోసం నేను పడిన ఆ కాసేపటి భయం ఒక ఎత్తు. మర తెగింది. కాళ్లు విడిపోయాయి. అసిరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్లు మాత్రం తిప్పుకోకుండా, చివరి నిప్పురవ్వ ఆరేదాకా నిలబడింది.

ఇప్పుడు ఆ షాపు వెనక తుక్కు కుప్పలో ఉన్నాను. నా జత ఇంకా పనిలోనే ఉందట, కొత్త జతతో. దాన్ని మాత్రం గీకి, రంగంతా ఊడ్చి, ఇనుము కనబడేలా ఉంచారట. తవుడు పాత ఇనుము దించడానికి వచ్చినప్పుడు షాపువాడికి చెబుతుంటే విన్నాను.

నన్ను కోసిన ఆ రోజు, మంట ఆరాక మేస్త్రీ తవుడూ టీ తాగడానికి వెళ్లారు. అసిరమ్మ వెళ్లలేదు. నేను చల్లారేదాకా చూసి, తెగిన నా కాలును ఒకసారి అరచేత్తో తట్టి, దాని మీదే కూర్చుంది. వీపు గోడకు ఆనించి, కాళ్లు బారజాపి, అలాగే కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె ఊపిరి నెమ్మదించింది. నిద్రపోయింది.

నా మీద ఒక మనిషి బరువుంది. నా లోపల టిక్‌మనే చప్పుడేమీ లేదు.