నూలు ముట్టని మిస్త్రీ

ఆగయ్య మిస్త్రీకి జహనుమాలో పెద్ద పేరు. పాతబస్తీలో ఏ మూల ఏ కారు పెట్రోలు కారుస్తూ ఆగిపోయినా, ఆగయ్య దగ్గరికి తోలుకుపొమ్మనేవాళ్లు. అతను ఉక్కు పైపు వేస్తే ఇక ఆ పైపు సంగతి మరిచిపోవచ్చనేవాళ్లు. ఆ పేరులో సగం అతని భార్య కాశమ్మది. సగమన్నది మర్యాదకు మాత్రమే, నిజానికి ముప్పాతిక ఆమెదే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

యుద్ధం అయిపోయాక విమానాలకు వాడగా మిగిలిన సామాను జుమేరాత్ బజారులో కుప్పలుగా వచ్చి పడింది. అందులో ఈ పైపు ఆగయ్య కంటపడింది. లోపల రబ్బరు, దాని మీద సన్నటి ఉక్కు తీగలతో అల్లిన తొడుగు. కార్లకు మామూలుగా ఉండే రబ్బరు గొట్టాలు మన ఎండలకూ ఇంజను వేడికీ పగిలిపోయేవి. ఇది పగలదు. చిక్కల్లా కోయడంలోనే ఉంది. రంపం ఆనించగానే తీగలన్నీ విచ్చుకుని చీపురు కట్టలా నిలబడేవి. వాటి మీదికి కొసకు బిగించే ఇత్తడి కాలరు ఎక్కదు. బలవంతాన ఎక్కిస్తే విరిగిన తీగ ఒకటి లోపలికి మడతపడి రబ్బరును పొడిచేస్తుంది.

ఆగయ్య మొదట్లో బోలెడంత పైపు పాడుచేసి, పట్టకారు గోడకేసి కొట్టాడు. పొయ్యి దగ్గర కూర్చున్న కాశమ్మ లేచి వచ్చి, గంజిలో నూలు దారం తడిపి, కోయాల్సిన చోట పోగు మీద పోగు పడకుండా బిగించి చుట్టింది. ఆ చుట్టు నట్టనడుమ రంపం పెట్టి కోసింది. ఒక్క తీగ కూడా విచ్చుకోలేదు. కాలరు ఎక్కుతున్న కొద్దీ దారం విప్పుకుంటూ వచ్చింది. ఆమె పుట్టింట్లో, అత్తింట్లో కూడా మగ్గాలే. కండెలు చుట్టిన వేళ్లకు అదొక పని కాదు.

చుట్టడం ఆగయ్యకు చేతకాక కాదు. అతనూ సాలోడే. యుద్ధకాలపు కంట్రోలు రోజుల్లో నూలు దొరక్క, తండ్రి పస్తులతో పోయాక, మగ్గం అమ్మేసి, ఈ జన్మలో మళ్లీ నూలు ముట్టనని ఒట్టు పెట్టుకుని పట్నం వచ్చినవాడు. అంతవరకు ఎవరూ తప్పుపట్టరు. కానీ తను ముట్టని నూలును పెళ్లాం ముట్టి సంపాదించిన పేరును మాత్రం రెండు చేతులా ముట్టుకున్నాడు. ఆ ఒట్టులో పేరు సంగతి లేదు కదా.

షెడ్డుకూ వెనకున్న ఇంటికీ మధ్య గోనెపట్టా పరదా ఒకటి కట్టాడు. పైపు కొలత తీసుకుని పరదా లోపలికి వెళ్లేవాడు, కోసిన పైపుతో బయటికి వచ్చేవాడు. లోపల ఏదో మర్మం ఉందని జనం చెప్పుకునేవాళ్లు. ఆ మర్మం పొయ్యి ముందు కూర్చుని వేళ్లకు నెత్తురు చిమ్మేలా దారం బిగిస్తూ ఉండేది. కాశమ్మ కోరింది చీరలూ సొమ్ములూ కాదు. నలుగురి ముందు ఒక్కసారి, ఇది మా ఇంటామె కోసింది అని అతని నోట వినాలని. ఒకసారి అడిగింది కూడా.

"చెప్తే ఏంబోతది నీకు?"

"పెండ్లాం కోస్తదని చెప్తే నన్నేమంటరే? మిస్త్రీ అంటరా? నా పేరు నీ పేరు గాదా?"

కాదని ఆమెకు తెలుసు. అయినా ఎన్నాళ్లు దాస్తాడు, ఏదో ఒకనాడు అతనే అంటాడనుకుంది.

అలా ఉండగా సైదాబాదు విఠల్‌రావు వచ్చాడు. దేవిడీల్లో ఉండే నవాబులు అమ్ముకుంటున్న కార్లన్నీ కొని బాడుగకు తిప్పుతున్నాడాయన. ఆగయ్యను తన కార్లన్నిటికీ పెద్దమిస్త్రీగా పెట్టుకోవాలని ఆయన ఆలోచన.

"నా దగ్గర ఉన్నోళ్లకు నువ్వు నేర్పాలె ఆగయ్యా. ఏదీ, ఈ బండికి పైపు నా ముందట్నే వెయ్యి. చూస్త."

"లోపల కోసుకొస్త సాబ్. జర సేపు."

"లోపలెందుకు? నేర్పెటోడు దాచుకుంటే ఎట్ల? ఈడనే కొయ్యి."

పరదా వెనక కాశమ్మ, ఇప్పుడు చెప్పక తప్పదు, ఇప్పుడు పిలుస్తాడు అనుకుంది. కొంగు సర్దుకుంది. జుట్టు కూడా సర్దుకుంది పిచ్చిది. పిలుపు రాలేదు. కనీసం తనే చుట్టుకుంటాడేమోనని గంజిలో తడిపిన దారపు ఉండను పరదా కింది నుంచి మెల్లగా బయటికి దొర్లించింది. ఆగయ్య దాన్ని చూశాడు. రావు గారి కంటపడకుండా కాలితో వెనక్కి తన్నాడు.

అంతకు ముందెప్పుడో వేరే బండి కోసం కోసి మిగిలిన పైపు షెడ్డులో ఉంది. దానికి ఒక కొస కాశమ్మ కోసి కాలరు వేసిందే. రెండో కొస ఆగయ్య ఇప్పుడు కోయాలి. పళ్లు బిగించి రంపం ఆడించాడు. తీగలు విచ్చుకున్నాయి, అరచేతిలో గుచ్చుకున్నాయి. నెత్తురు ప్యాంటుకు తుడుచుకుని, పట్టకారుతో నొక్కి నొక్కి కాలరు ఎక్కించాడు. రావు గారికి అంతా బాగానే కనిపించింది. ఆగయ్య తన కొసను పైన కార్బురేటరుకు, కాశమ్మ కొసను కింద పంపుకు బిగించాడు. ఇంజను తిప్పారు.

కాసేపు బాగానే నడిచింది. తర్వాత కింది కాలరు దగ్గర ఒక చుక్క వేలాడింది, పడింది. వెనకే ఇంకోటి. పెట్రోలు వాసన పరదా దాకా వచ్చింది.

కాశమ్మ గోనెపట్టా సందులోంచి చూసింది. చూడగానే అర్థమైంది. పై కొసలో తీగ రబ్బరును పొడిచింది. అక్కడ ఊరిన పెట్రోలు తీగల అల్లిక కిందనే జారుకుంటూ వచ్చి, కింది కొస దగ్గర బయటపడుతోంది. తప్పు పైనా, చుక్క కిందా. ఆ మాట ఆగయ్యకు ఆమె కంటే బాగా తెలుసు.

రావు గారు ఇంజను ఆపించి వంగి చూశాడు. "కింది కొస కారుతుంది గదా. ఇదెవరు కోసిన్రు?"

ఆగయ్య నెత్తురు చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"గది మా ఇంటామె కోసింది సాబ్. కాశమ్మ. ఇంట్ల ఊకె ఉంటలేదని ఇస్తే గిట్ల చేసి పెట్టింది. ఆడిదాని చెయ్యి."

అన్నాడు. ఇన్నేళ్లు ఆమె వినాలనుకున్నది అన్నాడు. పేరు కూడా పెట్టి అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చాలామందిని చూశాం గానీ, మద్దెలకు పేరు పెట్టి మరీ తిట్టినవాడు ఇతనే.

కాశమ్మ పరదా పట్టుకుని నిలబడిపోయింది. బయటికొచ్చి నిజం చెబితే పరాయివాళ్ల ముందు మొగుడు అబద్ధాలకోరవుతాడు. చెప్పకపోతే ఆ కొస తనదే అవుతుంది. రావు గారు మంచివాడే, నవ్వి ఊరుకున్నాడు. "ఇంకో బండి పంపిస్త. ఈసారి ఆడోళ్ల చెయ్యి పడనియ్యకు" అని చెప్పి, డ్రైవరుతో పాత గొట్టమే పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆగయ్య లోపలికి వచ్చి కొత్త పైపు ఆమె ముందు పెట్టాడు. ముఖం చూడలేదు.

"రావుసాబ్ బండి వస్తది. రెండు కొసలు కోసి పెట్టు."

"ఆడిదాని చెయ్యి గద. ఎట్ల పడనిస్తవ్?"

"గప్పుడు నోట్లకెల్లి వచ్చింది. పట్టుకుని కూసుంటవా?"

"సైదాబాదుకు పో. తప్పు నా కొసది గాదు, నీ కొసదని చెప్పి రా. నీ పేరు పోతె పోనీ. గా ఒక్క మాట చెప్పి రా, జిందగీ అంత కోసిస్త."

ఆగయ్యకు పెద్దమిస్త్రీ కొలువు కళ్లెదుట ఉంది. దానికి కావలసింది ఒక్క మాట. ఆ మాట కంటే కొలువు పోవడమే సులువనిపించిందతనికి. మగతనం అనేది మహా ఖరీదైన సరుకు, అది కొన్నవాడికి ఇంకేం మిగలదు. పైపు భుజాన వేసుకుని వెళ్లి, తెచ్చిన బజారులోనే అమ్మేసి వచ్చాడు. రావు గారి బండి వస్తే, ఉక్కు పైపుల పని మానేశానని వెనక్కి పంపాడు.

ఎందుకు మానేశాడో జనానికి ఆగయ్య చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు అక్కడున్న రావు గారి డ్రైవరు కళ్లారా చూసిందే చెప్పాడు పాపం. బంగారం లాంటి మిస్త్రీని పెళ్లాం చెయ్యి పడి చెడగొట్టిందన్నారు. ముందు గల్లీలో, తర్వాత జహనుమా అంతా. కాశమ్మ ఎవరో తెలియనివాళ్లకు కూడా ఆ పేరు తెలిసిపోయింది.

నల్లా దగ్గర ఆమెను ముందుగా బిందె పెట్టుకోనిచ్చింది పక్కింటి ఆండాలు. భుజం మీద చెయ్యి కూడా వేసింది.

"ఊకో అక్కా. తెల్వక చేసినవ్. నువ్వేమన్న కావాలని చేసినవా?"

ఎత్తిపొడిచి ఉంటే కాశమ్మ బదులు చెప్పేదే. ఆ ఆడమనిషి నిజంగానే జాలిపడింది. కాశమ్మ నిండిన బిందె చంకకెత్తుకుంటూ, "అవ్ ఆండాలూ, తెల్వకనే చేసిన" అంది.